పెళ్లయింది, బాబున్నాడు కాబట్టి లెస్బియన్ కాదట! యూకేలో ఆశ్రయం తిరస్కరించారు, ఇప్పుడేం చెయ్యాలి?

వేపచెట్టు_కింద
ఇది నా కేసు కాదు, నా ఫ్రెండుది. రాయమని తనే చెప్పింది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నల్గొండ వైపు పల్లె. డిగ్రీ కాగానే మేనబావకిచ్చి చేశారు. ఒక బాబు, ఇప్పుడు రెండో క్లాసు. 2022లో మాస్టర్స్‌కని ఇంగ్లండు వచ్చింది, పిల్లాణ్ణి అత్తగారి దగ్గర వదిలి. ఇంటర్ రోజుల నుంచీ తనకీ ఒకమ్మాయికీ ప్రేమ, పెళ్లయ్యాక కూడా తెగలేదు. ఇంట్లో వదిలేసి వచ్చిన పాత ఫోన్ మరిది చేతిలో పడింది. ఇంకేముంది, ఊళ్లో పంచాయితీ. బాబుకి ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పి పిలిపించారు. వెళ్లగానే పాస్‌పోర్టు, ఫోను లాక్కున్నారు, గదిలో పెట్టి తాళం వేశారు, కొట్టారు. పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద "బిడ్డ మీద నాకే హక్కూ లేదు" అని రాయించుకున్నారు. చిన్నమ్మ ఒకావిడ ధైర్యం చేసి పాస్‌పోర్టు తెచ్చిచ్చి బస్సెక్కించింది.

ఇక్కడికొచ్చాక వెంటనే ఆశ్రయం అడగలేదు. అలాంటిదొకటి అడగొచ్చని తెలీదు. వీసా అయిపోవస్తుంటే ఎవరో చెప్పారు. ఇంటర్వ్యూ అయింది, చాలాకాలం తర్వాత ఉత్తరం వచ్చింది. పేజీలకి పేజీలున్నా సారాంశం ఇంతే: పెళ్లి చేసుకున్నావు, కాపురం చేశావు, బిడ్డని కన్నావు, కాబట్టి నువ్వు చెప్పేది నమ్మం. ఒకవేళ నమ్మినా హైదరాబాదో బెంగుళూరో వెళ్లి బతకొచ్చు.

తను రెండ్రోజులుగా అన్నం ముట్టలేదు. బిడ్డని కన్నందుకు ఇక్కడ శిక్ష, కన్నా తల్లివి కాదని అక్కడ శిక్ష. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

ఉప్పుచేప
పెళ్లయిందంటే ప్రేమ ఉన్నట్టే లెక్కా? మా ఆయనా నేనూ ఆ ఇంటర్వ్యూకి వెళ్తే ఇద్దరం ఫెయిలే. ఇరవై ఏళ్ల కాపురం.

నైజాం_పోరడు
కోపం చేయకుండ్రి గని ఒక మాట. వీసా అయిపోంగనే ఎంతమంది గిట్ల చెప్తుండ్రో తెల్సా? గీ కథ చెప్పు, గీ ఫొటోలు పెట్టు అని పైసలు తీస్కొని నేర్పించేటోళ్లు ఉన్నరు. స్వలింగ సంబంధాలు నేరమన్న 377 సెక్షన్ సంగతి 2018 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇగ నేరం గాదని. మొన్న 2024 డిసెంబర్‌ల ఆంధ్ర హైకోర్టు గూడ విజయవాడ అమ్మాయిల కేసుల తీర్పిచ్చింది, ఆ బిడ్డను తండ్రి నిర్బంధించొద్దు, ఇష్టమున్నోళ్లతోని ఉండనియ్యాలె అని. కోర్టులు గింత మంచిగుంటే ఆశ్రయం ఎందుకు?

లీడ్స్_లక్ష్మి
పై పోస్టు కోసం: దొంగ కేసులున్నాయి, కాదనను. కానీ దొంగవాడికి కాగితాలన్నీ సిద్ధంగా ఉంటాయండీ. ప్రైడ్ ఊరేగింపులో జెండా పట్టుకున్న ఫొటో, క్లబ్బు మెంబర్‌షిప్, నలుగురు సాక్షులు. పల్లెటూళ్లో దాక్కుని బతికిన ఆడదాని దగ్గర ఏముంటుంది? ఉన్నవన్నీ తనే తుడిచేసుకుని ఉంటుంది. ఫోన్ దొరికినందుకేగా ఇంత జరిగింది.

చట్టం_చెల్లాయి
ఇంగ్లండులో ఇమ్మిగ్రేషన్ కేసులు చూస్తాను. ఇక్కడ రాసేది సలహా కాదు, ఆమె తన లాయర్ని అడగడానికి పనికొచ్చే మాటలనుకోండి.

అన్నిటికంటే ముందు ఉత్తరం చివరి పేజీలు చూడండి. అప్పీలు హక్కు ఉందని రాశారా, లేక ఇక్కడి 2002 ఇమ్మిగ్రేషన్, ఆశ్రయం చట్టం సెక్షన్ 94 కింద "స్పష్టంగా ఆధారం లేని కేసు" అని సర్టిఫై చేశారా? ఇండియా 2005లోనే ఆ సెక్షన్ జాబితాకి ఎక్కింది, అంటే మామూలుగా భయం లేని దేశమని లెక్క. సర్టిఫై చేస్తే ట్రిబ్యునల్‌కి, అంటే ఈ అప్పీళ్లు వినే కోర్టుకి, వెళ్లే దారి మూసుకుపోతుంది, అప్పుడు జ్యుడీషియల్ రివ్యూ అని, ఆ నిర్ణయం చట్టబద్ధమేనా అని సవాలు చేసే వేరే పోరాటం. సర్టిఫై చెయ్యకపోతే అప్పీలుకి గడువు 14 రోజులు. ఉత్తరం తేదీ ఎంత?

వేపచెట్టు_కింద
సర్టిఫై అన్న మాట ఎక్కడా లేదు. అప్పీలు చేసుకోవచ్చని ఉంది. ఉత్తరం వచ్చి ఈరోజుకి నాలుగు రోజులు.

చట్టం_చెల్లాయి
అయితే టైముంది, కానీ ఒక్క రోజు కూడా వృథా చెయ్యొద్దు. ఆశ్రయం కేసులకి ఇంగ్లండులో లీగల్ ఎయిడ్ ఉంది. చేతిలో డబ్బుల్లేకపోతే ఆ కాంట్రాక్టు ఉన్న సొలిసిటర్‌నే వెతకమనండి.

పిల్లలున్నారు కాబట్టి కాదు అన్న వాదన కొత్తదేం కాదు. నైజీరియా నుంచి వచ్చిన అడెరోంకే అపాటా కేసు గుర్తుందా? 2015లో లండన్ హైకోర్టులో ప్రభుత్వం తరఫు న్యాయవాది ఈ ధోరణిలోనే వాదించాడు. ఒకరోజు మగవాళ్లతో, మర్నాడు ఆడవాళ్లతో అంటే కుదరదు, జాతి మార్చుకోలేనట్టే ఇదీ మార్చుకోలేరు అని. ఆమెకి పిల్లలుండటాన్ని కూడా లెక్కలోకి తెచ్చారు. అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. చివరికి 2017లో ఆమెకి రక్షణ దొరికింది, కానీ ఎన్నేళ్లు పట్టిందో చూడండి.

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2012 అక్టోబరులో ఇచ్చిన 9వ నంబరు మార్గదర్శకాల్లోనే ఉంది: పెళ్లయిందనో, పిల్లలున్నారనో ఎవరినీ లెస్బియన్ కాదని తేల్చకూడదు. అప్పీల్లో మొదటి పాయింటు అదే కావాలి.

గోదారిపిల్ల
మన దగ్గర పెళ్లి ఆడపిల్ల నిర్ణయమా ఏంటి? అందులోనూ మేనరికం. పుట్టగానే వీడి పెళ్లాం అని పేరు పెట్టేస్తారు. ఆ అధికారికి ఇదెవరు చెప్పాలి?

లీడ్స్_లక్ష్మి
చెప్పాల్సింది ఆమే. కానీ చెప్పనివ్వరే! నేను కొన్నాళ్లు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా చేశాను, అందుకే ఇంత కచ్చితంగా అంటున్నా. ఇంటర్వ్యూలో "మీరు లెస్బియన్ అని మొదట ఎప్పుడు గ్రహించారు, అప్పుడు మీ మనసులో ఏమనిపించింది" అని అడుగుతారు. మనవాళ్లకి మనసులో మాట పరాయివాళ్లకి చెప్పే అలవాటేదీ? "ఏముందండీ, బాగుండేది, కలిసి కాలేజీకి పోయేవాళ్లం" అంటారు. ఫైల్లో "సమాధానం అస్పష్టం" అని పడుతుంది. ఇక పడకగది సంగతి వస్తే తల దించుకుని కూర్చోవడమే. ఒకామె గంటసేపు టేబుల్ మీది టిష్యూ డబ్బాతోనే మాట్లాడింది.

ఇంకోటి. బ్రేక్‌లో ఇంటిపేరు అడిగే ఇంటర్‌ప్రెటర్లు ఉన్నారు. "ఏ ఊరమ్మా మీది, ఫలానావాళ్లు మీకేమవుతారు" అని. ఆ ప్రశ్న పడ్డాక ఆ మనిషి ఇంకేం నోరు విప్పుతుంది?

వేపచెట్టు_కింద
లక్ష్మిగారూ, మీరు అక్కడే ఉండి చూసినట్టు చెప్పారు. ఈమెకి వచ్చినాయనది పక్క మండలమే. యాస వినగానే ఆయనకి అర్థమైపోయింది, ఈమెకీ అర్థమైపోయింది. ఆ తర్వాత అన్నిటికీ అవును, కాదు, అంతే. అదే ఇప్పుడు "వివరాలు ఇవ్వలేదు" అయింది.

చట్టం_చెల్లాయి
ఇది స్టేట్‌మెంట్‌లో తప్పక రాయాలి. ఆడ అధికారి, ఆడ ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగొచ్చు. అడగొచ్చని ఆమెకి ఎవరైనా చెప్పారా?

వేపచెట్టు_కింద
ఎవరూ చెప్పలేదు. అప్పుడు లాయరు పేరుకే ఉన్నాడు. ఇంటర్వ్యూకి ముందు ఫోన్లో ఓ పావుగంట మాట్లాడాడేమో.

పులిహోర_పుల్లయ్య
పక్క మండలం ఆయన దొరకడం ఏమిటండీ, లండన్లో నాకు ఉప్పల్ బస్సు కండక్టరే కనిపించాడు. మనం లేని చోటు లేదు. చంద్రుడి మీద ఆశ్రయం అడిగినా అక్కడో బావమరిది ఉంటాడు.

న్యూజెర్సీ_నాగమణి
పుల్లయ్యగారు నవ్వుకి అన్నా భయం అక్కడే ఉంది. అమెరికా సంగతి కూడా రాస్తా, ఇక్కడ చదివేవాళ్లలో హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి.

ఇక్కడ దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోగా ఆశ్రయం దరఖాస్తు, ఐ-589 ఫారం, వెయ్యాలి. దాటితే ఎందుకు దాటిందో ఒప్పించాలి. హెచ్-4 లాంటి వీసాలో చట్టబద్ధంగా ఉన్నంత కాలం ఆ ఆలస్యాన్ని మన్నించే వీలుంది, అది పోయాక మాత్రం త్వరగా వేసెయ్యాలి. చాలామందికి ఇది తెలీక "ఏడాది దాటింది, ఇక లేదు" అని ఊరుకుంటారు. కానీ హెచ్-4 అంటే భర్త వీసాకి వేలాడే బతుకు. భర్తకి తెలిసిన రోజున ఆయన పిల్లల్ని తీసుకుని ఇండియా ఫ్లైటెక్కితే? పిల్లల అపహరణ మీద 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. వెనక్కి రప్పించడం ఎంత కష్టమో ఆ దారిలో నడిచిన తల్లులకే తెలుసు.

ఆశ్రయం వస్తే 21 దాటని, పెళ్లికాని పిల్లల్ని ఐ-730 అనే ఫారం మీద, రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టి పిలిపించుకోవచ్చు. భార్యని కూడా, చట్టప్రకారం పెళ్లయితేనే. ఇండియాలో ఆడవాళ్లిద్దరికి పెళ్లి చట్టబద్ధం కాదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాక, జంటలో ఆ రెండో ఆవిడ ఏ ఫారంలో పడుతుంది?

నైజాం_పోరడు
నేనడిగిన దానికి జవాబు రాలే. హైకోర్టు తీర్పు ఉన్నంక హైదరాబాద్‌ల ఎందుకు బతకలేదు?

చట్టం_చెల్లాయి
మంచి ప్రశ్నే, ట్రిబ్యునల్లో జడ్జి అడిగేదీ ఇదే. అందుకని కాస్త పొడుగ్గా చెబుతా.

ఇండియా నుంచి వచ్చిన లెస్బియన్ల మీద ఇక్కడ 2016లో ఏఆర్, ఎన్‌హెచ్ అనే కేసులో అప్పర్ ట్రిబ్యునల్ మార్గదర్శక తీర్పిచ్చింది. ఈ కేసులన్నిటికీ ఆధారం అదే. దాంట్లో చెప్పిందేమిటంటే, ప్రమాదం ప్రధానంగా ప్రభుత్వం నుంచి కాదు, కుటుంబం నుంచి. చదువులేని, కింది తరగతి పల్లెటూరి ఆడవాళ్లకి ఎక్కువ. వేరే నగరానికి వెళ్తే కుటుంబం అక్కడికీ రాగలదా అన్నది వాళ్ల చుట్టరికం ఎంత దూరం పాకింది, ఎంత పంతం పట్టారు, ఎంత పలుకుబడి ఉంది అన్నదాన్ని బట్టి. డబ్బూ చదువూ ఉంటే నగరంలో బతకగలదన్నదే ఆ తీర్పు మొగ్గు. మాస్టర్స్ చేసిన అమ్మాయి అనగానే జడ్జి మనసులో "బతకగలదు" అని పడుతుంది.

మరి బిడ్డ? ఆ తీర్పుని చేతిలో పెట్టుకుని లాయర్లు మర్చిపోయేది ఇదే. ఆమె బెంగుళూరులో దాక్కోగలదు, ఒంటరిగా అయితే. కొడుకుని చూడాలంటే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890, సెక్షన్ 9 ప్రకారం పిల్లాడు మామూలుగా ఎక్కడుంటాడో ఆ జిల్లా కోర్టులోనే పిటిషన్ వెయ్యాలి. అంటే నల్గొండ. ఆమె చిరునామా పిటిషన్ మొదటి పేజీలోనే ఉంటుంది, కాపీ భర్తకి వెళ్తుంది. వాయిదా వాయిదాకీ ఆ ఊరి బస్టాండులోనే దిగాలి. కొట్టి తాళం వేసినవాళ్లకి తేదీ, టైముతో సహా తెలియజేసి మరీ వెళ్లడం! నువ్వు దాక్కునైనా బతుకు, తల్లిగానైనా బతుకు, రెండూ కుదరవు అని అప్పుడు తేలుతుంది. తన స్వభావాన్ని భయంతో దాచుకుని బతకమని పంపకూడదని 2010లోనే హెచ్‌జే ఇరాన్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. తల్లితనాన్ని దాచుకోమంటే అది న్యాయమా అని కూడా వాదించాలి.

ఆంధ్ర హైకోర్టు తీర్పు మంచిదే. కానీ అది మేజరైన అమ్మాయి స్వేచ్ఛ గురించి, హేబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని విడిపించమని వేసే పిటిషన్. ఏడేళ్ల పిల్లాడి కస్టడీ దాంట్లో లేదు.

ఉప్పుచేప
నల్గొండ కోర్టు వాయిదాలు అంటే పిల్లాడు ఇంజినీరింగ్‌లో చేరేదాకా.

బెర్లిన్_బుజ్జక్క
ఉప్పుచేపా, నిన్ను తిట్టాలో నవ్వాలో తెలీట్లేదు.

జర్మనీ వైపు నుంచి ఒక మాట. ఇక్కడ పడకగది ప్రశ్నలు అడగరు, అడగకూడదు కూడా. 2014 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఏ, బీ, సీ కేసులో వీడియోలు, పరీక్షలు, శృంగారం వివరాలు వద్దంది. 2018లో హంగేరీ కేసులో మనస్తత్వ పరీక్షలతో కూడా తేల్చొద్దంది. యూకే ఇప్పుడు ఈ కోర్టు కిందకి రాదనుకోండి.

మా సపోర్టు గ్రూపులో ఉగాండా అమ్మాయిలు ఇద్దరున్నారు, జంట. అక్కడ స్వలింగ సంబంధాల మీద 2023 చట్టం వచ్చాక పారిపోయి వచ్చారు. ఆ చట్టంలో యావజ్జీవం ఉంది, కొన్నిటికి మరణశిక్ష. పాపని కన్నది ఒకామె, పెంచింది ఇద్దరూ. రెండో ఆమెకి పాపతో సంబంధం చూపే కాగితం ఒక్కటి లేదు. ఫైళ్లు రెండు, వసతి రెండు ఊళ్లలో. పాప రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో రెండో అమ్మకి హోంవర్కు చూపిస్తుంది. వసతి ఇళ్లలో వాళ్ల దేశం వాళ్లే పక్కగదుల్లో ఉంటారు కదా, పాప నోరు జారి "మా ఇంకో అమ్మ" అంటుందేమోనని కన్నతల్లికి ఇప్పటికీ వణుకే.

గోదారిపిల్ల
పిల్లల ముందు ఇంటర్వ్యూ చేస్తారా? నాకు అదే ఆలోచన వస్తోంది. ఏ తల్లి ఆ మాటలు పిల్ల వింటుండగా చెబుతుంది?

బెర్లిన్_బుజ్జక్క
పిల్లని చూసుకునే మనిషి దొరక్క ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లిన వాళ్లున్నారు. బలాత్కారం జరిగితే పుట్టిన పిల్ల అయితే? ఆ తల్లి సగం కథ మింగేస్తుంది. తర్వాత అప్పీల్లో చెబితే "ముందెందుకు చెప్పలేదు, కొత్తగా కల్పించావు" అంటారు.

రెండోది ఇంటి లోపల. పోస్టులో వచ్చే ఉత్తరాలు తల్లికి చదవడం రాదు, భాష నేర్చుకున్న పిల్లే చదివి చెప్పాలి. ఆ ఉత్తరంలో ఏముంటుందో మీరే ఊహించుకోండి.

మోడరేటర్_మామయ్య
ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, ఎవరి ఫోన్ నంబర్లూ వద్దు. ఒక పోస్టు తీసేశాను. మతం, తిట్లు ఉన్న ఇంకో రెండు కూడా పోయాయి. చర్చ సాగనివ్వండి.

వేపచెట్టు_కింద
చెల్లాయిగారు చెప్పిన కోర్టు సంగతి తనకి చదివి వినిపించా. "నాకు ఈ మాట రానేలేదు, ఇదే నా భయం" అంది. ఇంకో ప్రశ్న అడగమంది. గెలిస్తే బాబుని తెచ్చుకోగలదా?

చట్టం_చెల్లాయి
ఆశ పెట్టి మోసం చెయ్యలేను. శరణార్థి కుటుంబాన్ని పిలిపించుకునే దారి ఇదివరకు ఉండేది, కొత్త దరఖాస్తులు 2025 సెప్టెంబరు 4 నుంచి ఆపేశారు. మామూలు ఫ్యామిలీ రూల్స్ కిందో, అసాధారణ పరిస్థితులని చూపించో ప్రయత్నించాలి. ఫీజులు ఎక్కువ, షరతులు ఎక్కువ. ఆమె ఇండియా వెళ్లి తెచ్చుకోలేదు. శరణార్థి ట్రావెల్ డాక్యుమెంటు సొంత దేశానికి చెల్లదు.

నాగులేరు
ఇండియా వైపు నేను చెబుతా, హైదరాబాదులో ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు. మైనరు పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరి సంతకంతో అనెక్షర్ డి అనే డిక్లరేషన్ కావాలి. ఒకరు ఒప్పుకోకపోతే అనెక్షర్ సి తో ఒక్కరే అడగొచ్చు, కానీ పిల్లాడు తండ్రి దగ్గరున్నప్పుడు తల్లి వేరే దేశంలో కూర్చుని అది నడిపించడం మాటలు కాదు.

హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956 ప్రకారం అయిదేళ్లలోపైతే మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. బాబుకి అది దాటింది. ఇక తల్లి మీద వాళ్లేం వేస్తారో తెలుసుగా. ఇలాంటి కేసుల్లో భర్త తరఫువాళ్లు మొదట తెచ్చేది తల్లి "నడవడిక". అక్కడ లండన్లో బిడ్డ ఉన్నాడు కాబట్టి లెస్బియన్ కాదంటున్నారు, ఇక్కడ లెస్బియన్ కాబట్టి బిడ్డ వద్దంటారు. ఈ రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టి ఆ ట్రిబ్యునల్ జడ్జికి చూపించాలి.

ఇంకోటి. పెద్దమనుషుల దగ్గర రాయించుకున్న ఆ స్టాంపు కాగితానికి చట్టంలో విలువ లేదు. బిడ్డ మీద హక్కు అలా రాసిస్తే పోదు. భయపడొద్దని చెప్పండి.

చట్టం_చెల్లాయి
నాగులేరుగారూ, ఆ కాగితం మీకు చెల్లదు, నాకు మాత్రం బంగారం. కుటుంబం, ఊరు కలిసి ఏం చేశారో వాళ్ల సంతకాలతోనే ఉంది! 2022 జూన్ 28 తర్వాత పెట్టిన కేసులకి రుజువు ప్రమాణం కూడా పెంచారు. ఆమె లెస్బియనేనా, నిజంగా భయపడుతోందా అన్నవి సగం కంటే ఎక్కువ నమ్మకంగా తేలాలి. ఇదివరకైతే మొత్తానికీ తక్కువ ప్రమాణమే సరిపోయేది. అందుకే కాగితం ముక్క ప్రతిదీ కావాలి. పేపర్లో "మాకూ ఆమెకూ ఏ సంబంధం లేదు" అని ప్రకటన ఏమైనా వేశారా?

వేపచెట్టు_కింద
వేశారు! జిల్లా ఎడిషన్లో, ఫొటోతో. అది కూడా పనికొస్తుందా?

చట్టం_చెల్లాయి
పనికొస్తుందా ఏమిటి! 2016 తీర్పులో కుటుంబం లాంఛనంగా వెలివేయడం గురించి విడిగా మాట్లాడారు. పేపరు పేజీ మొత్తం కావాలి, తేదీ కనబడాలి, ప్రకటన ముక్క ఒక్కటే కత్తిరించి పంపొద్దు. మేనరికం కాబట్టి పుట్టినిల్లూ అత్తిల్లూ ఒకటే వంశమని వంశవృక్షం గీసి పెట్టండి, ఎవరెవరు ఏ ఊళ్లో ఉన్నారో రాయండి. హైదరాబాదులో ఎంతమంది, బెంగుళూరులో ఎంతమంది. చుట్టరికం ఎంత దూరం పాకిందో అదే చూపిస్తుంది. తెలుగు కాగితాలన్నిటికీ అనువాదం, అనువాదకుడి పేరు, సంతకం, తేదీతో.

లీడ్స్_లక్ష్మి
అనువాదాలు నేను చేస్తా, డబ్బులొద్దు. మా అమ్మది సూర్యాపేట పక్క, ఆ యాస నాకొచ్చు. ఇంటిపేరు మాత్రం అడగను :)

నైజాం_పోరడు
నాకింకా డౌట్లున్నయి, దాచను. గని ఆ స్టాంపు కాగితం నిజమైతే వేరే సంగతి. ఒకటి జెప్త, ఆ చిన్నమ్మ పేరు ఏ కాగితంల గూడ ఊరోళ్ల కంట పడొద్దు. ఆమె ఇంకా ఆ ఊర్లనే ఉంటది గద. ఆమె నిలబడకపోతె కథ ఎప్పుడో అయిపోతుండె.

చట్టం_చెల్లాయి
ఇది సరైన మాట. ట్రిబ్యునల్‌ని అనామకత్వ ఉత్తర్వు, అంటే పేర్లు బయటపెట్టొద్దనే ఆదేశం, అడగొచ్చు, ఇలాంటి కేసుల్లో మామూలుగా ఇస్తారు.

వేపచెట్టు_కింద
చిన్నమ్మతో మాట్లాడింది తను. ఆ కాగితం జిరాక్సు ఆవిడ బియ్యం డబ్బాలో దాచిందట. వాట్సాప్‌లో ఫొటో పంపింది. సగమే వచ్చింది, కింద సంతకాలు పడలేదు.

చట్టం_చెల్లాయి
మళ్లీ తీయమనండి. పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనబడేలా. వెనకవైపు కూడా, స్టాంపు అమ్మినవాడి ముద్ర, తేదీ అక్కడ ఉంటాయి. వీలైతే ఆ జిరాక్సే కొరియర్లో రప్పించండి, కానీ ఊరి కొరియర్ సెంటర్ నుంచి కాదు.

నాగులేరు
నల్గొండ టౌన్‌కి పంపిస్తే మా జూనియర్ వెళ్లి తీసుకుంటుంది. వివరాలు వేపచెట్టుగారికి విడిగా పంపాను, చూసుకోండి.